పుట్టింటి పేరు దగ్గర ఆగే గొంతు

నిరుడు నెలకు ఎనభై వేల షిల్లింగులు. ఈ ఏటి కాంట్రాక్టు కాగితంలో ముప్పై అని ఉంది. అపోండీ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అంకె మారలేదు.

"నన్నేం చేయమంటావక్కా?" అన్నాడు స్టేషన్ మేనేజర్ ఒబురా. "వరండాలోకి తొంగి చూడు. పదకొండు మంది. రేపట్నుంచే వార్తలు చదువుతామంటున్నారు."

ఇరవై ఏళ్ల క్రితం ఆ వరండాలో ఒక్క నరమానవుడు కనిపించేవాడు కాదు. కెన్యాలోని కిసుమూ ఊళ్లో లువో భాష రేడియోలు కొత్తగా పుట్టిన రోజులవి. ఆ భాష మాట్లాడేవాళ్లు ఊరంతా ఉన్నా, ఇంగ్లీషు దొర్లకుండా వార్తలు చదివేవాళ్లు నలుగురు లేరు. పోటీ స్టేషన్ యజమాని ఆమె గుమ్మం ముందు కారు ఆపి, చేతిలో పెద్ద చేప పెట్టి మరీ పిలిచాడు. అది తెలిసి ఈ స్టేషన్‌వాళ్లు నెల తిరక్కుండా జీతం రెట్టింపు చేశారు. ఎంత వైభోగం!

చావు కబుర్లు ఆమే చదవాలని జనం పట్టుబట్టేవారు. పోయినావిడకు పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, ముందు "ఆసెంబో ఆడపడుచు" అని పుట్టింటి ఊరు చెప్పి, ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు పేరు చదివేది. ఆ కాస్త సేపూ బజారంతా చేతిలో పని ఆపేది. ఆ చదువే నేర్పమని స్టేషన్‌వాళ్లు ఆమె చేత సాయంత్రాలు కాలేజీలో పాఠాలు చెప్పించారు. ఆరేళ్లు సంబరంగా చెప్పింది.

ఇప్పుడు వరండాలోకి రాగానే పదకొండు మందీ లేచి నిలబడ్డారు. "టీచరమ్మా!" అందరూ ఆమె దగ్గర చదివినవాళ్లే.

"నీకెంతిస్తామన్నారే?" ముందున్న ఆదోంగోని అడిగింది.

"ఇరవై వేలు."

"ముప్పైకి తగ్గకు."

"తగ్గకపోతే నా వెనక పది మందున్నారు టీచరమ్మా. మీరు అందరికీ ఒకేలా నేర్పారుగా!"

అపోండీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ పిల్లలతో పోటీకి మనసొప్పలేదు. సంతకం పెట్టకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

వారం తర్వాత చేపల బజారులో, ఎప్పుడూ చేపలమ్మే అవీనో ఆమె కోసం పొలుసు తీస్తుంటే, పక్క కొట్లో రేడియో చావు కబురు అందుకుంది. "ఆసెంబో ఆడపడుచు..." కత్తి ఆగింది. పేరు వినబడ్డాక అవీనో తలెత్తి, ఎదురుగా అపోండీని చూసి ఉలిక్కిపడింది.

"ఓసినీ! నువ్విక్కడుంటే అక్కడ చదివేదెవరే?"

"నా దగ్గర నేర్చుకున్న పిల్ల."

"అచ్చం నువ్వే! ఆ పిల్లకి బాగా ఇస్తున్నారా మరి?"

అపోండీ డబ్బుల సంచి తీసింది. అవీనో చెప్పిన ధర చెప్పినట్టు ఆమె చేతిలో పెట్టి, చేప తీసుకుంది. జన్మలో మొదటిసారి బేరమాడలేదు.