కూత ఆగిన ఫ్రీజర్

నేను ఒక ఫ్రీజర్‌ను. పెరుగు గిన్నెలు, కొత్తిమీర కట్టలు దాచుకునే ఇంటి ఫ్రిజ్‌లతో నాకు చుట్టరికం కలపకండి. సున్నాకు ఎనభై డిగ్రీల కిందే నా కాపురం. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల, బతుకంతా గడిచింది హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో. నన్ను కొనిపించిన ప్రొఫెసర్ నాలో ఏవో చేపల కణాలు దాచి, రిటైరైన రోజున నా వైపు తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత డాక్టర్ హైమవతి చేతికి వచ్చాను.

ఆమెది రక్త క్యాన్సర్ మీద పరిశోధన. ఒంట్లో ఒక జన్యువు అదుపు తప్పి, పెరగండి పెరగండి అని అరుస్తూనే ఉంటుందట. ఆ కేకకు కణాలు వెర్రిగా పెరిగిపోయి మనిషిని తినేస్తాయట. దాన్ని చంపక్కర్లేదు, నోరు మూయిస్తే చాలని విద్యార్థులకు చెప్పేది. ఆ ఒక్క నోటి వెంట పంతొమ్మిదేళ్ళు తిరిగింది. ఈలోగా జుట్టు నెరిసింది, చుట్టాలు శుభలేఖలు పంపడం మానేశారు.

రోగుల నెత్తురును, మూలుగను చిన్న చిన్న గొట్టాల్లో పోసి నాలో దాచేది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళలో ఒకతె, సిరిసిల్లలో బీడీలు చుట్టే రాజవ్వ, తన నెత్తురు ఎక్కడ పెడతారో చూస్తే తప్ప కాగితం మీద వేలిముద్ర వేయనని పట్టుబట్టింది. హైమవతి ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చి తలుపు తెరిచింది. తెల్లటి పొగ చూసి రాజవ్వ నవ్వింది.

"నేను పోయినంక గూడ నా నెత్తురు సల్లగుంటదా అమ్మా? ఎవలకన్న పనికొస్తదా?"

"ఉంటుందమ్మా. పనికొస్తుంది. పూచీ నాది."

మనుషులు దీవించేటప్పుడు చల్లగా ఉండమంటారు. ఆ దీవెనను అక్షరాలా నిలబెట్టేదాన్ని నేనే కదా అని ఆ రోజు గర్వపడ్డాను. నాలుగు నెలలకు రాజవ్వ పోయింది.

ఆ జన్యువు నోరు మూయించే మందు ఎలుకల్లో పనిచేసింది. మనుషులకు ఇవ్వాలంటే ముందు నాలోని నమూనాల మీద పనిచేస్తుందని చూపాలి. దసరా సెలవులు కాగానే మొదలుపెడదామనుకున్నారు.

అప్పటికి నాకు వయసు మీదపడింది. తలుపు రబ్బరు వదులై ఊరికే కూత పెట్టేదాన్ని. సెలవుల ముందురోజు హైమవతి రిపోర్టు రాసుకుంటుంటే నాలుగుసార్లు కూశాను. ఆమె విసుక్కుంటూ లేచి వచ్చి నా అలారం కట్టేసింది. తిరిగి వేయడం మరిచిపోయింది. నోళ్ళు మూయించడంలో ఆరితేరిన చేయి మరి.

మర్నాడు ఆయుధపూజ. అటెండర్ కొమురయ్య యంత్రాలన్నిటినీ తుడిచి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశాడు. పూజనాడు వాటికీ విశ్రాంతి ఉండాలని ఆయన పట్టింపు. నన్ను మాత్రం ఏటా బొట్టు పెట్టి, దండ వేసి వదిలేసేవాడు, ఆపేవాడు కాదు. ఆ వారమే ఎలక్ట్రీషియన్ నా తీగను పక్క యంత్రాల బోర్డుకు మార్చాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బోర్డు స్విచ్ ఆపి, దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజుల సెలవు. లోపల కరిగిపోతుంటే ఎంత అరవాలనిపించిందో. నాకు నోరు లేదు.

నాలుగో రోజు నా కింద కుంకుమ కలిసిన నీళ్ళు మడుగు కట్టాయి. హైమవతి తలుపు తీసి, రాజవ్వ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని అక్కడే కూలబడింది. విచారణలో కొమురయ్య చేతులు కట్టుకుని తప్పంతా తనదేనన్నాడు. ఆయన్ని తీసేయడానికి కాగితం కూడా సిద్ధమైంది. అప్పుడు హైమవతి లేచింది.

"అలారం కట్టేసింది నేను. లేకుంటే కరెంటు పోయినా బ్యాటరీ మీద మోగేది, వాచ్‌మన్‌కు వినపడేది. ఆయన్ని ఏమీ అనకండి."

కొమురయ్య ఉద్యోగం మిగిలింది. ఆమె పరిశోధన మూతపడింది. ఆ జన్యువు ఇంకా ఎవరి ఒంట్లోనో అరుస్తూనే ఉంది.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల దుకాణం వెనక ఎండలో పడి ఉన్నాను. టెంపోలోకి ఎక్కించిన రోజు హైమవతి రాలేదు. కొమురయ్య వచ్చి, ఎండిన దండ తీసేసి, నా తలుపు నిమిరాడు.

"సల్లగుండు బిడ్డా," అన్నాడు అలవాటు కొద్దీ.

అన్నాక, తన మాట తనకే వినపడి, మొహం తిప్పుకున్నాడు.