కెమెరాలో మూడు నిమిషాలు

పందొమ్మిది వందల అరవై ఒకటి, జూలై. ముదిగుబ్బ దగ్గర ఎండిన చేలో కదిరి దస్తగిరి కాలు నిలవక తిరుగుతున్నాడు. తర్వాత పెద్ద దర్శకుడైన అతనికి అదే మొదటి సినిమా. అరువు కెమెరాలో మూడు నిమిషాల ఫిల్మే మిగిలింది. సాయంత్రం రైలుకు కెమెరా బెంగళూరు వెళ్ళిపోవాలి.

తీయాల్సింది ఒక్క దృశ్యమే. కరువుకు ఓడిన రైతు మూట నెత్తిన పెట్టుకుని ఊరు విడిచిపోవాలి. ఆ వేషం నిజమైన రైతు కుళ్ళాయప్పది.

కెమెరా సిద్ధం చేసేలోగా మబ్బు కమ్మింది. వాన దంచికొట్టి అరగంటలో వెలిసింది. కుళ్ళాయప్ప మట్టి పిడికిట్లో పిసికి చూసి, మూట కింద పడేశాడు.

"యాడికన్నా?"

"విత్తనమేసే గొర్రు కోసరం! ఊరంతా విత్తను రెండు గొర్రులే ఉండాయి. ముందు పోయినోనికే అవి."

"మూడు నిమిషాలు నిలబడప్పా! నా సినిమా పోతాది!"

"నీ సినిమా రేపు తీసుకో. నేల పదును రేపటికుంటాదా?"

కుళ్ళాయప్ప పంచె ఎగ్గట్టి ఊరివైపు పరుగెత్తాడు. దస్తగిరి తిట్టుకుంటూనే కెమెరా అటు తిప్పాడు. బురదలో జారిపడి లేచి ఉరుకుతున్న ఆ మనిషిని ఫిల్మ్ అయిపోయేదాకా తీశాడు.

ఊరు విడవాల్సిన రైతు ఊళ్ళోకి పరుగెత్తడంతోనే సినిమా ముగిసింది. ముదిగుబ్బలో తెర కట్టి చూపిస్తే జనం ఈలలు వేశారు. కుళ్ళాయప్ప మాత్రం దస్తగిరిని నిలదీశాడు.

"గొర్రు నాకే దొరికినాది గదప్పా, అది యాల చూపియ్యలేదు?"