ఎనిమిదో నెల

"ఎన్నో నెల?" అని డాక్టరు గారు అడిగినప్పుడు తవిటమ్మ "ఏడు" అని చెప్పింది. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు. భావనపాడులో ఆ సంగతి తెలియనివారు లేరు. నోరు జారి ఎనిమిది అంటే మనవడి ఆయువును తానే తుంచినట్లవుతుందని ఆమె భయం.

అది 1968, కార్తీక పున్నమికి రెండు రోజుల ముందు. మూడున్నర పౌన్ల పసివాడు ఆసుపత్రి మంచం మీద దూదిలో ఒదిగి, ముఖం మీద ఆక్సిజన్ గరాటుతో మూలుగుతున్నాడు. గాలి పీల్చిన ప్రతిసారీ డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి.

"ఏడో నెలకు ఊపిరితిత్తులు పక్వానికి రావమ్మా. గాలి పెట్టినా నిలవడు. ఎనిమిదైతే, తేరుకునేదాకా మూడు రోజులు ఇలా నెట్టుకొచ్చేవాళ్ళం. ఉన్నది ఒక్క సిలిండరు, లోపల వరిబీజం ఆపరేషనుకు కావాలి," అన్నారు డాక్టరు గారు.

నర్సు సిలిండరు మర మీద చెయ్యి వేసింది.

తవిటమ్మ ఆ చేతి వైపు చూసింది.

"ఎనిమిది బాబూ," అంది.

"గాలి కోసం మాట మారుస్తున్నావు," అన్నారు డాక్టరు గారు.

"ముందు సెప్పిందే అబద్దం బాబూ."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు గంగరాజు గొంతు తగ్గించి, "ఏటే అమ్మా ఆ మాట? పట్టుకుపోయేవోడు ఇనేత్తాడు," అన్నాడు.

"ఇననీరా," అని ఆమె డాక్టరు గారి వైపు తిరిగింది. "డోలా పున్నానికి అందరం శ్రీకూర్మం ఎల్లినాం బాబూ. కోడలు రానేదు, బయటున్నాది. గుడికెలాగొస్తాది? ఇంటికాడ ఎండుసేపలకి కాకుల్ని తోలుకుంటా కూకున్నాది. మరి తరవాత బయటున్నది నేదు."

డాక్టరు గారి బొటనవేలు డోలా పున్నమి ఫాల్గుణాన్ని వదిలి, చైత్రం మొదలుకొని ఒక్కొక్క కణుపే దాటుతూ కార్తీకం దగ్గర, ఎనిమిదో కణుపు మీద ఆగింది.

"సిలిండరు ఉండనీ," అన్నారు నర్సుతో. "ఆ వరిబీజం ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో వారం ఆగుతుంది."

నర్సు చీటీ మీద ఏడు కొట్టివేసి ఎనిమిది వేసింది.

"అనేసినావు," అన్నాడు గంగరాజు, తల్లి ముఖం చూడకుండా.

"అన్నాను."

తవిటమ్మ పసివాడి మంచం పక్కన నేల మీద, వాడు కనిపించని చోట కూర్చుంది. మూలుగు ఆగినప్పుడల్లా, అది తన మాట చేసిన పని అనుకుంది. మళ్ళీ వినిపించినప్పుడల్లా, సిలిండరు చేసిన పని అనుకుంది.