కల్యమాకు ఏరిన డబ్బా

పోపులోంచి కరివేపాకు ఏరడం విమలమ్మకు కళ్లు మూసుకుని చేసే పని. వేడి నూనెలో చిటపటలాడి వాసనంతా దిగాక, ఒక్కొక్క ఆకునూ చెంచా కొనతో పైకి లాగి పొయ్యి గట్టు మీద పడేస్తుంది. ఒక్క ఆకు మిగిలినా సాయంత్రం మాట పడాలి. లక్ష్మీరాజం బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకముందే, "కల్యమాకు తగిలింది" అంటాడు. పోనీ, అసలు వేయకుండా వండుదామంటే అదీ ఒప్పుకోడు. వాసన ఉండాలట, ఆకు మాత్రం ఉండొద్దట. ఏం మనిషమ్మా!

అదొక్కటే అయితే బాగానే ఉండేది. ఉల్లిగడ్డ సన్నగా తరగాలి. రొట్టె అంచు గట్టిపడొద్దు. కూర అన్నానికి అంటొద్దు. ఎండలు ముదిరే ముందు నలభై రోజులు డబ్బాలో గుడ్డు కనపడొద్దు. "వేడి చేస్తది" అంటాడు. అదే మనిషి ఆదివారం ఇంట్లో కోడికూర రెండోసారి వడ్డించుకుంటాడు, అప్పుడు వేడీ లేదు, చలువా లేదు. రాత్రి చల్లారిన అన్నంలో పచ్చిపులుసు పోసినా మారుమాట్లాడకుండా తింటాడు. వంకలన్నీ బడి డబ్బాకే. మాచారెడ్డి బడిలో అటెండరుగా ఉన్నన్నాళ్లు ఈ రోగం లేదు. పదకొండేళ్ల కింద ఎల్లారెడ్డి హైస్కూలుకు బదిలీ అయ్యాకే ఆయన నాలుకకు కొమ్ములు మొలిచాయి. అక్కడి నీళ్లు అట్లాంటివేమోనని విమలమ్మ చాలాకాలం అనుకుంది.

అయినా పదకొండేళ్లూ విసుక్కుంటూనే వండింది. ఎందుకంటే డబ్బా ఏనాడూ ఎంగిలి మెతుకుతో తిరిగి రాలేదు. నాకినట్టు ఖాళీగా వచ్చేది. కానీ ఖాళీ డబ్బాకు నోరు లేదు కదా. "మంచిగుంది" అనే ఒక్క మాట కోసం విమలమ్మ చెవులు కాయలు కాశాయి. ఇవాళ లక్ష్మీరాజం రిటైరవుతున్నాడు. ఇదే చివరి డబ్బా. ఈ డబ్బాతో ఆ మాట అనిపించకపోతే ఇక ఈ జన్మలో అనిపించలేనని ఆమెకు తెలుసు. అందుకే లేత వంకాయలు తెచ్చి, నువ్వులు, పల్లీలు వేయించి దంచి, గుత్తులుగా కూరింది. జొన్న రొట్టెలు పలుచగా చేసి, మెత్తబడేందుకు తడిగుడ్డలో చుట్టింది.

"బడిల విందు పెడుతున్నరంటివి. మల్ల డబ్బా ఎందుకు?" అని అడిగింది.

లక్ష్మీరాజం అద్దం ముందు నిలబడి, ఉన్న నాలుగు వెంట్రుకలను శ్రద్ధగా పంచుతున్నాడు. "ఉండనీ. విందు తిండి నాకు పడదు" అన్నాడు. అద్దంలో కూడా ఆమె ముఖం చూడలేదు.

డబ్బా అంటే స్టీలు క్యారేజీ, రెండు గిన్నెలది. పెండ్లినాడు మేనమామ పెట్టింది. మూత మీద చుక్కల అక్షరాలతో 'విమల' అని చెక్కించి ఇచ్చాడు. కింద పడి ఓ పక్క సొట్టపోయినా మూత ఇప్పటికీ బిగుతుగా పడుతుంది.

ఎల్లారెడ్డి బస్సులో విమలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో డబ్బా పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన బడి చూడడం ఇదే మొదటిసారి. చూసే తీరిక ఏది? పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేయాలి. చేసి చేసి ఆమె కుడిచేతి వేళ్ల కొనలు నున్నగా, చదునుగా తయారయ్యాయి. ఖాళీగా ఉండడం ఆ వేళ్లకు తెలియదు. ఆడవాళ్లకు ఉచితమని కండక్టరు ఇచ్చిన జీరో టికెట్టును అవి తమంతట తామే బీడీలా చుట్టేసి, మూతి కూడా వంచేశాయి. లక్ష్మీరాజం చూసి, "చెకింగు వస్తే అగ్గిపెట్టె అడుగుతడు" అన్నాడు. విమలమ్మ కిసుక్కున నవ్వింది. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది.

బడిలో సభ బాగా జరిగింది. హెడ్మాస్టరమ్మ పద్మప్రియ, ఈ పదకొండేళ్లలో బడిగంట ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదని చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. భార్యాభర్తలిద్దరికీ శాలువాలు కప్పారు. ఆ ఉక్కపోతలో శాలువా కింద చెమట కారుతున్నా విమలమ్మ దాన్ని తీయలేదు. ఎవరు తీస్తారు!

తర్వాత వరండాలో విస్తళ్లు వేసి బగారన్నం వడ్డించారు. పక్కనే ఉండాల్సిన లక్ష్మీరాజం లేడు. ఆకలికి ఆగలేని మనిషి, ఈ తిండి పడని మనిషి, ఎటు పోయాడోనని విమలమ్మకు గాబరా పుట్టింది. డబ్బా పట్టుకుని లేచింది. బడి వెనక రేకుల షెడ్డులోంచి ఆయన గొంతు వినిపించింది. అది మధ్యాహ్న భోజనం వండే చోటు.

షెడ్డులో లక్ష్మీరాజం పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు పళ్లెం నిండా బగారన్నం, దాని మీద కారే దాకా పోసిన సాంబారు, ఆపైన ఒకటి కాదు, రెండు గుడ్లు. పెద్ద పెద్ద ముద్దలు మింగుతున్నాడు. సాంబారులోని కరివేపాకును హాయిగా నములుతున్నాడు. విమలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

పొయ్యి దగ్గరున్న మనిషి లేచి నిలబడింది. యాభై దాటిన బక్కపలుచని మనిషి. నుదుటి మీద మసి, నోట్లో ముందరి పండ్లు రెండు లేవు. ఆమె విమలమ్మ ముఖం చూడలేదు, చేతిలోని డబ్బాను చూసింది.

"అయ్యో దేవా! విమల వదినవా?" అంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నేను మరియను. ఈడ వండుత. పొద్దున్నుంచి పొగల నిలబడి వండితే ఆ తిండి మొకం చూడ బుద్ధి గాదు. అన్న వచ్చిన కొత్తల ఓనాడు కండ్లు తిరిగి పడ్డ. అప్పుడు నీ డబ్బా పెట్టిండు. ఆనాటి సంది అన్న నా వంట తింటడు, నేను నీ వంట తింట. రోజు నీ పేరు మీద చెయ్యి పెట్టి దండం బెట్టుకొని మూత తీస్త వదినా."

విమలమ్మ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

మరియకు ఇవేవీ తెలియవు. సంబరంగా చెప్పుకుపోతోంది. "నాకు పండ్లు లేవని రొట్టె మెత్తగ జేస్తవు. కల్యమాకు గొంతుల పడితే దగ్గొస్తదని ఏరి ఇస్తవు. మా కిరస్తానోళ్ల ఉపాస దినాలు నలభై రోజులు గుడ్డు సుత పెట్టవు. కన్నతల్లి గూడ ఇంత యాదికి పెట్టుకోదు. ఎంత మంచిగుందో చెప్పమని అన్నకు రోజు చెప్పి తోలుత. చెప్తడు గద?"

లక్ష్మీరాజం ముద్దను మెల్లగా పళ్లెంలోకి దించాడు.

విమలమ్మకు ముందు కోపం వచ్చింది. తెల్లవారుజామునే లేచి వండింది ఎవరి కోసమని! పదకొండేళ్లు! ఆ వెంటనే మరియ అన్న మాటలు ఒక్కొక్కటిగా లోపల దిగాయి. రోజూ దండం పెట్టుకుని తిన్నదట. రోజూ చెప్పి పంపిందట. తను ఎదురుచూసిన మాట ఇన్నేళ్లూ ఇక్కడ రోజూ పలికిందన్నమాట. కానీ ఆ కోపం ఎక్కడికీ పోలేదు, మొగుడి మీద మాత్రం నిలబడింది.

"తిట్లేమో బస్సుల మోసుకొస్తివి. మెప్పులన్ని ఈడ్నే దించి వస్తివా?" అంది.

"మెచ్చుకుంటే నీకు అనుమానం రాదా?" అన్నాడు లక్ష్మీరాజం, పళ్లెంలోకి చూస్తూ. "నేను ఏనాడన్న మెచ్చుకున్ననా?"

నిజమే మరి. విమలమ్మకు నవ్వు ఆగలేదు. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. సంగతి అర్థమైన మరియ, ముందు నాలుక కరుచుకుని, తర్వాత ఆమెతో కలిసింది. ఆ తర్వాత విమలమ్మ స్వయంగా డబ్బా విప్పి, మరియ ముందు కూర్చుని తినిపించినంత పని చేసింది. వంకాయ నోట్లో పెట్టుకుని మరియ కళ్లు మూసుకుంది. తన వంటను ఒక మనిషి తింటుంటే ఇంత తృప్తిగా ఉంటుందని విమలమ్మకు ఈ వయసులో తెలిసింది.

"ఇగ రేపటి సంది నాకేది వదినా?" అంది మరియ చివరికి, గిన్నె తుడుచుకుంటూ. "మా కోడలు కృపాజ్యోతి వండి ఇస్తది గని, కల్యమాకు ఏరది."

"ఏరమని నేను చెప్పిన్నని చెప్పు" అంది విమలమ్మ.

నాలుగుంపావుకు లక్ష్మీరాజం చివరిసారి గంట దగ్గరికి వెళ్లాడు. ఇనుప కడ్డీతో లాంగ్ బెల్ కొట్టాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు కొట్టాడు. పిల్లలు గేటు వైపు పరుగెత్తారు. మోత పూర్తిగా ఆగేదాకా నిలబడి, కడ్డీని దాని కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకుని బయటికి వచ్చాడు. అంతే.

బస్సు కదిలాక విమలమ్మ ఆయన వైపు తిరిగి కూర్చుంది. "ఊఁ, మొదటి సంది చెప్పు. ఒక్కటి ఇడిసిపెట్టినా ఊకోను."

పాపం, చెప్పాడు. పుంటికూర నాడు మరియ ఏమన్నదీ, పప్పుచారు నాడు గిన్నె ఎట్లా నాకిందీ, వేలు మడిచి మడిచి లింగంపేట దాటేదాకా చెప్పాడు. చెప్పడం అయిపోయాక, "రాత్రి పచ్చిపులుసు… అది గూడ మంచిగనే ఉంటది. అది నా మాటనే" అన్నాడు. విమలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. కళ్లు మసకబారాయి. దుమ్మని చెప్పుకోవడానికి కూడా లేదు, బయట వాన పడుతోంది.

"రేపటి సంది కల్యమాకు ఏరేది లేదు" అంది.

"ఏరకు. నాకు ఆకు ఇష్టమే" అన్నాడు. తర్వాత ఒళ్లో చూసి, సీటు కింద చూసి, ఉలిక్కిపడ్డాడు. "డబ్బా ఏదే?"

"అది ఉండాల్సిన కాడనే ఉంది."

ఎల్లారెడ్డిలో రేకుల షెడ్డు కిటికీ గట్టు మీద, తోమి బోర్లించిన రెండు గిన్నెల పక్కన, సొట్టపోయిన మూత మీద 'విమల' అన్న చుక్కల అక్షరాల్లో వాన తుంపర నిలిచి ఉంది.