కాలికి బొట్టు

నేను ఒక ఖాళీని. చుట్టూ స్టీలు గోడలు, పైన మూత, కింద మూడు కాళ్లు ఉన్న ఖాళీని. మీ వంటింటి కుక్కరు నాకు దూరపు చుట్టం. దానిలోంచి ఆవిరి పోకూడదు, నాలోకి గాలి రాకూడదు. ఇద్దరి పరువూ ఒక రబ్బరు రింగు మీదే ఉంది.

నన్ను గీసింది ప్రసూనాంబ, విశాఖ శివార్లలోని ఒక ప్రయోగశాలలో ఇంజనీరు. అక్కడ నిమిషంసేపు కూడబెట్టిన కరెంటును రెప్పపాటుకన్నా ముందే నా కడుపులోకి వదులుతారు. లోపల గాలి మిగిలితే మెరుపు దారి తప్పి, కరెంటును అడ్డుకునే పింగాణీ కట్టును పగలగొడుతుంది. అందుకే ఆవిడ రెండేళ్లు నా రింగు కూర్చునే గాడి లోతు గురించే ఆలోచించింది. కట్టుకున్నవాడి గురించి కూడా అంత ఆలోచించి ఉండదు.

పరీక్ష రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కమిటీ వస్తుంది. నేను తట్టుకుంటే పెద్ద యంత్రానికి నాలాంటివి పన్నెండు చేయిస్తారు. లేకపోతే ఆవిడ డిజైను చెత్తబుట్టకి, నేను తుక్కుకి.

ఉదయం మూత ఇంకా గొలుసుకు వేలాడుతుండగా విభాగాధిపతి కొండలరావుగారు పూజ చేశారు. హారతికి అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన మాత్రం తడి కుంకుమ తీసి, తుడిచి మెరిపించిన మూత అంచుకు అడుగువైపున బొట్టు పెట్టారు. సరిగ్గా రింగు ఆనే చోట! అరుద్దామంటే నాకు నోరేది?

మూత దిగింది. పంపు తిరిగింది. గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు సగందాకా దిగి మొండికేసింది. పదకొండయింది, పన్నెండయింది, ఒంటిగంటయింది. నా అతుకుల చుట్టూ హీలియం వాయువు ఊదారు. అది లోపలికి దూరితే పక్కనున్న పరికరం కూస్తుంది. మూత దగ్గరికి రాగానే కూసింది.

“గాడి లోతు ఎక్కువైందమ్మా. మొదట్నించీ చెబుతూనే ఉన్నా,” అన్నారు కొండలరావుగారు. మొదట్నించీ ఆయన చెప్పింది లోతు చాలదని. “టైము లేదు. ఇలాగే కరెంటు వదిలేద్దాం.”

“పింగాణీ పగుల్తుంది సార్. మూత తీయిస్తాను.”

“తీశాక కూడా కారణం తేలకపోతే?”

“అప్పుడు తప్పు నాదేనని రాసిస్తాను.” ఆవిడ చేయి నా గోడ మీదే ఉంది, చల్లగా. “అప్పలస్వామీ, బోల్టులు విప్పు.”

ఇరవై నాలుగు బోల్టులు. మూత లేచింది. ఫిట్టరు అప్పలస్వామి దాని కిందికి టార్చి పెట్టి చూశాడు.

“ఓలమ్మో! బొట్టండి మేడమ్! నానైతే పెట్టనేదు.”

అందరి చూపులూ ఒక ఉంగరపు వేలి మీదికి వెళ్లాయి. అది ఇంకా ఎర్రగానే ఉంది. కొండలరావుగారు చేయి జేబులో పెట్టుకున్నారు. ప్రసూనాంబ స్పిరిటు గుడ్డతో అంచు తుడిచి, కొత్త రింగు పరిచింది.

నాలుగుకు ఆరు నిమిషాలుండగా ముల్లు పూర్తిగా కిందికి జారింది. కమిటీ వచ్చింది, సైరన్ మోగింది. తర్వాత నాలో ఒక్క మెరుపు. అప్పలస్వామి నా గోడకున్న కిటికీ అద్దంలోంచి తొంగిచూసి పింగాణీ చెక్కు చెదరలేదని చెప్పాడు.

పరీక్ష నివేదికలో లీకుకు కారణం అన్న గడిలో ప్రసూనాంబ రాసింది రెండే మాటలు: పరాయి పదార్థం.

నా తర్వాత పన్నెండూ వచ్చాయి. నేనిప్పుడు నడవాలో నమూనాగా నిలబడి ఉన్నాను. ఏటా ఆయుధపూజకి ముందు ఆవిడ వచ్చి నా కుడికాలికి, నేలకు జానెడు ఎత్తున, సుద్దముక్కతో సున్నా చుట్టి వెళుతుంది. బొట్టు అక్కడే పెట్టాలని ఇప్పుడు నియమం. కొండలరావుగారు కుంకుమ గిన్నె పట్టుకుని, మోకాళ్లు పట్టేసినా సరే, నా కాళ్ల దగ్గర వంగుతారు.

ఆవిడ పక్కనే నిలబడి, ఎంతో భక్తిగా, కళ్లు తెరుచుకుని చూస్తుంది.