సున్నపు గీతల వాకిలి

చిత్రావతి ఏరు పొంగి, ధర్మవరంలో నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గాల గుంతలన్నీ నీళ్లతో నిండిన యేడు అది. నేల గట్టిపడ్డాక, ఒక పొద్దున, వరదకు కూలిన ఇల్లు ఎత్తిపోసి చదును చేసిన జాగాలో చిన్నప్ప దారం లాగుతున్నాడు. చివర నేలలో దిగేసిన గూటానికి చుట్టి వేలితో మీటాడు. దారం పలికింది. పలకని దారం మీద ఆయన గోడ నిలపడు. కొబ్బరి చిప్పలోంచి సున్నం పిడికిట్లోకి తీసుకుని, వంగి, దారం వెంట వెనక్కి నడిచాడు. బొటనవేలి పక్క నుంచి సున్నం సన్నగా జారింది.

కాగితం మీది ఇంటిని నేల మీదికి దించడమే ఆయన పని. హిందూపురంలో ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్ట్ గ్రేస్ ఏ ఇల్లు గీసినా ముందు ఆయనకే ఫోను చేస్తుంది. ఇలా సున్నంతో ముగ్గు పోశాక ఆయన పద్ధతి ఒకటుంది. పునాది తవ్వే ముందు ఇంటివాళ్లు పొద్దుగూకేదాకా ఆ గీతల్లో కాపురం చెయ్యాలి. పొయ్యి చోట వండాలి, పడక చోట పడుకోవాలి. ఎక్కడ ఇరుకనిపిస్తే అక్కడ గీత చెరుపుతాడు. ఇది ఆయనకు భార్య హనుమంతమ్మ నేర్పింది. పెనుకొండలో తమ ఇంటికి ముగ్గు పోసిన దినం ఆమె కొంగు పరుచుకుని పడుకుని, "ఈడ తల పెడితే కొండ అగపడల్ల" అంది. కిటికీ అక్కడికి జరిగింది. ఆమె పోయి చానా ఏళ్లయినా, ఆ కొండ ఇప్పటికీ ఆయన తలగడ పక్కనే తెల్లవారుతుంది.

ఈ ఇల్లు నేతగాడు యల్లప్పది. వరద తర్వాత ఎదురింట్లో బాడుగకు ఉంటున్నారు. కొడుకు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయాడు. కోడలు రేఖ గిన్నెలు పట్టుకుని గీత దాటింది.

"ఏమ్మా, గోడలో నుంచి వస్తాండావు? వాకిలి ఆడుండాది," అన్నాడు చిన్నప్ప.

"తల పగల్లేదులే పెద్దాయనా," అని నవ్వి, ఆమె వెనక్కి పోయి వాకిట్లోంచి వచ్చింది.

నడుం నొప్పితో నడవలేని యల్లప్పను పక్కింటివాళ్లు కుర్చీతో ఎత్తుకొచ్చి మగ్గం చోట కూర్చోబెట్టారు, వాళ్లూ వాకిట్లోంచే. వంటింటికీ మగ్గానికీ నడుమ గోడ ఒక్కటే ఇంకా తేలలేదు. రేఖకు మగ్గమే వద్దు. గుంతలో నీళ్లు తోడి తోడి ఆమె చేతులు కాయలు కాచాయి, సగం నేసిన చీర బురదపాలైంది. యల్లప్పకేమో మగ్గం లేనిది ఇల్లే కాదు.

"ఇల్లంతా నడుమెత్తు అరుగు మీద లేపుదాం," అంది, ముగ్గు చూడ్డానికి వచ్చిన గ్రేస్. "గుంత ఆ అరుగులోనే తీస్తే దాని అడుగు కూడా వీధికంటే పైనుంటాది. నీళ్లు రావు. జాగా సంగతి మాత్రం మీరే తేల్చుకోవల్ల." ఆ మాట చెప్పి హిందూపురం వెళ్లిపోయింది.

తేలని గోడను చిన్నప్ప పోయడు. సున్నం చిప్ప ఇంటివాళ్లకే వదిలేస్తాడు.

మధ్యాహ్నం రేఖ మూడు రాళ్ల మీద అన్నం వండింది. లేచినప్పుడల్లా ఆమె మోచెయ్యి మామ కుర్చీకి తగులుతూనే ఉంది. యల్లప్ప చానాసేపు చూశాడు. తర్వాత చిప్ప అడిగి, నేల మీదికి దిగి, పాకుతూ గోడ తనే పోశాడు. మగ్గం పక్క నుంచి మూరెడు జాగా వంటింటికి పోయింది. మిగిలింది మగ్గానికి బిగుతుగా సరిపోయింది.

"ఏం మామా, గోడ గీస్తివా, పాముని ఇడిస్తివా?" అంది రేఖ.

"నీ పొయ్యికాడ వంగినాలేమ్మా. మగ్గంకాడ వంగలేదు సూడు."

రేఖ గరిటె పట్టుకుని ఆ గీతనే చూసింది. "సరే, ఉండనీ నీ మగ్గం. మళ్లా నీళ్లొస్తే తోడేది నువ్వే."

"తోడ్తాలే."

చిన్నప్ప చేతి కింద వంకర గీత ఎప్పుడూ మిగల్లేదు. "రేప్పొద్దున సరిచేస్తా," అన్నాడు.

ఎండ వాలాక యల్లప్ప మగ్గం చోట కుర్చీలో కూర్చుని, కింద గుంత ఉన్నట్టే కాళ్లు ఒకటి తర్వాత ఒకటి తొక్కుతున్నాడు. రేఖ గిన్నెలు సర్ది తిరిగి చూసేసరికి కాళ్లు ఆగిపోయి ఉన్నాయి. తల ఎదకు వాలింది. ఊపిరి లేదు.

వీధి మనుషులు వచ్చి ఎత్తుకున్నారు. అడ్డంగా నడవబోతే చిన్నప్ప చెయ్యి చాపాడు.

"వాకిట్లో నుంచి."

చుట్టూ తిరిగి, ఒకరి వెనక ఒకరు ఒదిగి, గీతల నడుమ వదిలిన సందులోంచి యల్లప్పను బయటికి తీసుకొచ్చారు.

మరుసటి పొద్దున చిన్నప్ప మళ్లీ వచ్చాడు. రాత్రి కుక్కలు తిరిగి గీతలు మసకబారాయి. మట్టి చెయ్యడానికి వచ్చిన బంధువొకాయన నిలబడి చూశాడు.

"నేసేటోడే పాయె. ఆ నడిమి గోడ ఇంకెందుకప్పా?"

చిన్నప్ప ఎదురింటి వాకిట్లో కూర్చున్న రేఖ వైపు చూశాడు.

"మా మామ కట్టిన గోడ అది. ఉండనీ," అంది రేఖ. "మగ్గం సంగతి నేను సూసుకుంటా."

చిన్నప్ప మిగతా గోడలన్నిటికీ దారం లాగి, సంచిలోని కొత్త సున్నం పోశాడు. నడిమి గోడ దగ్గరికి వచ్చాక దారం చుట్టి సంచిలో పెట్టేశాడు. వంగి, యల్లప్ప గీత ఎక్కడ తిరిగితే అక్కడ తిరుగుతూ, చేతి అంచనాతోనే సున్నం పోసుకుంటూ వెళ్లాడు.

గీత చివర, మగ్గం చోట, కొబ్బరి చిప్ప అలాగే ఉంది. రాత్రి మంచుకు అడుగున మిగిలిన సున్నం గట్టిపడి, అందులో దిగిన యల్లప్ప మూడు వేళ్ల గుర్తు చెదరకుండా ఉంది.