బోర్డు మీది సూది

“డాక్టరుగారున్నారామ్మా? రెండ్రోజుల్నుంచి జ్వరం. సూది వేయించుకుందామని,” అంటూ ఆ పెద్దమనిషి అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడిచేస్తున్నాడు.

“నేను చొక్కాకే వేస్తాను నాయనా, చేతికి వెయ్యను,” అంది దర్జీ.

పొద్దున్నుంచి అతను మూడోవాడు. తప్పు వాళ్లది కాదు, బోర్డుది. ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసే కూతురు అమ్మ కొట్టు రూపురేఖలు మార్చేస్తానని పట్టుబట్టి పెట్టించిన బోర్డు అది. తెల్లటి పలక, ఏటవాలుగా ఒక సన్నటి సూది, కింద ‘సూది’ అన్న ఒక్క మాట. కిటికీలో బాగుచెయ్యాల్సిన బట్టల కుప్ప పోయి అద్దాల తలుపు వచ్చింది. బాగాలేదంటే కళ్లు పోతాయి, అంత బాగుంది. కానీ మూడు వారాలుగా జ్వరాలొచ్చినవాళ్లు వస్తున్నారు తప్ప జేబు చిరిగినవాడు ఒక్కడూ రావడం లేదు.

ఆ మధ్యాహ్నం ఎప్పుడూ తన దగ్గరే బట్టలు బాగుచేయించుకునే బేకరీ పనిమనిషి చేతిసంచితో తలుపు ముందునుంచే పోతుంటే దర్జీ పరుగున బయటికొచ్చింది.

“ఏంటమ్మా, మొహం చాటేస్తున్నావు?”

“కొట్టు అమ్మేశారనుకున్నానక్కా. మీరే ఉన్నారని తర్వాత తెలిసింది. అయినా ఆ అద్దాలు చూసి, నా చేతిలో మోకాళ్లు చిరిగిన ప్యాంట్లు చూసుకుని... లోపలికి రావడానికి నామోషీ అనిపించింది. మూలమీద కొట్లో ఇచ్చేశాను.”

దర్జీకి ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లుగా తన దగ్గర ఇలా నీళ్లు నమిలిన మనిషి లేదు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే కొట్టుకు తాళమే.

సాయంత్రం కూతురు రాగానే పట్టుకుంది. “చిరిగిన బట్టలు బాగుచేస్తామని రాయించడానికి ఏమొచ్చిందే నీకు?”

“జనానికి అలవాటవ్వాలమ్మా. బ్రాండ్ అంటే కొంచెం టైమ్ పడుతుంది.”

“వాళ్లకు అలవాటయ్యేలోపు నేను కాంపౌండర్నైపోతాను!”

“చిరుగులు అన్న మాట చూడ్డానికి బాగోదమ్మా.”

“ఎవరు చూడ్డానికి?”

కూతురు ఫోను తీసి ముందు పెట్టింది. ఆఫీసువాళ్లకు పంపిన కొట్టు ఫొటో. కింద అందరి పొగడ్తలూ ఉన్నాయి. “చూడు, ఎంత మెచ్చుకున్నారో. మీ అమ్మకు ఇలాంటి షాపుందని ఇన్నాళ్లూ చెప్పలేదేంటని అడుగుతున్నారు,” అంది మురిసిపోతూ.

దర్జీ ఫొటో చూడలేదు. కూతురి మొహమే చూసింది.

“మరి ఇన్నాళ్లూ అమ్మ ఏం చేస్తుందని చెప్పావు?”

కూతురు ఫోను వెనక్కి తీసుకుంది.

“ఇంట్లోనే ఉంటుందని,” అంది.

అప్పటిదాకా దర్జీకి బోర్డు మీదే కోపం.